మళ్ళీ వచ్చి చెబుతారా?

ప్రతి ఏడాదీ సంక్రాంతి సెలవులు ముగియగానే మన కళాశాలలో ఒక హడావిడి మొదలవుతుంది. రెండో సంవత్సరం ఎం.ఏ., ఎం.ఎస్సీ. విద్యార్థులంతా జిరాక్స్ షాపుల ముందు బారులు తీరతారు. అందరి చేతుల్లోనూ ప్రశ్నావళులే. ఒకరిది 'తల్లుల ఉద్యోగం - పిల్లల చదువు', ఇంకొకరిది 'సెల్‌ఫోను వాడకం - పిల్లల ప్రవర్తన', మరొకరిది 'పెంపక విధానాలు - కౌమార సమస్యలు'. విషయం ఏదయినా సరే, కావలసిన సరుకు మాత్రం ఒక్కటే: తల్లిదండ్రులు. ఓ వందమంది దొరికితే డిసర్టేషను గట్టెక్కినట్టే.

"నీకెంతమంది అయ్యారే?" "అరవయ్యారు. ఇంకా నలభై కావాలి. నీ దగ్గర ఎవరైనా మిగిలారా?" మెస్సులో కంచాల ముందు మా మాటలు ఇలా సాగేవి. సంతలో కూరగాయల బేరం నయం. మమ్మల్ని ఇంట్లోకి రమ్మని, చాప వేసి, మంచినీళ్ళిచ్చి, బిడ్డను చంకన వేసుకుని గంటసేపు మేమడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పిన మనుషుల్ని మేము 'శాంపిల్' అనేవాళ్ళం. ఇప్పటికీ అలాగే అంటున్నాం.

ఈ సంచికలో కవితలుంటాయి, కథలుంటాయి, విద్యార్థి సంఘం ఏడాది పొడుగునా చేసిన పనుల నివేదిక వుంటుంది. వీటి మధ్య రెండు మూడు పేజీలు ఆ 'శాంపిల్' గురించి కేటాయిస్తే తప్పులేదని నా అభిప్రాయం. వాళ్ళు లేకపోతే మనలో సగం మందికి డిగ్రీలు లేవు. ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకుని, తరువాత నా వాదన చెబుతాను.

* * *

నా డిసర్టేషను అంశం 'తల్లుల మాటలు - మూడు, నాలుగేళ్ళ పిల్లల భాషాభివృద్ధి'. నగరానికి నలభై కిలోమీటర్ల దూరంలోని ఒక పల్లెను ఎంచుకున్నాను. ఊరు గొప్పదని కాదు, బస్సు సౌకర్యం వుందని. అరవై మంది తల్లుల్ని ప్రశ్నలడగాలి, వాళ్ళ పిల్లలకు ఇరవై బొమ్మల కార్డులు చూపించాలి. "ఆవు ఏది? చూపించు", "గొడుగు ఏది?" అని అడగాలి. సరిగ్గా చూపించినదానికల్లా ఒక మార్కు.

ఆ రోజు ఫిబ్రవరి ఎండ. ఒక ఇంట్లో తల్లి, నాయనమ్మ, మూడున్నరేళ్ళ పిల్లవాడు. తల్లి మిరపకాయల కూలికి పోవలసింది, నా కోసం ఆగిపోయింది. ఆ సంగతి తరువాత తెలిసింది. పిల్లవాడు బొమ్మల్ని చూసి నవ్వుతున్నాడు, కార్డుల్ని తిరగేస్తున్నాడు, కానీ నేనడిగినది మాత్రం చూపించడు. "గట్టిగ జెప్పు బిడ్డా, వాడు జర గట్టిగంటెనే ఇంటడు" అంది నాయనమ్మ. కానీ పరీక్ష నియమం ప్రకారం ప్రశ్నను అందరికీ ఒకే స్వరంతో అడగాలి. నేను నియమం తప్పలేదు. ఇరవైకి మూడు వచ్చాయి. మూడు అని రాసుకుని పుస్తకం మూసేశాను.

"అక్కా, మా వాడు మంచిగ జేసిండా?" అని తల్లి అడిగింది.

ఫలితాలు అప్పటికప్పుడు చెప్పకూడదని మాకు క్లాసులో నేర్పారు. అది సబబైన నియమమే. మేము డాక్టర్లం కాము, ఒక్క పరీక్షతో పిల్లవాడి మీద ముద్ర వేయకూడదు. 'ఇప్పుడు చెప్పలేనమ్మా, ఒకసారి పెద్దవాళ్ళకు చూపిస్తే మంచిది' అంటే సరిపోయేది. నేను అలా అనలేదు. "మంచిగా చేశాడమ్మా" అన్నాను.

గుమ్మం దాటుతుంటే ముసలమ్మ అంది: "గివన్ని రాస్కపోతున్నవు గద, మల్లొచ్చి చెప్తవా బిడ్డా?"

"తప్పకుండా వస్తానవ్వా" అన్నాను. నాలుగున్నర బస్సు ఎక్కేశాను.

హాస్టల్లో లెక్కలు వేస్తుంటే ఆ మూడు నన్ను ఇబ్బంది పెట్టింది. అన్నీ పన్నెండు, పద్నాలుగు, పదహారు వుంటే మధ్యలో ఈ మూడు సగటును కిందికి లాగుతోంది. "తీసెయ్, అలాంటివి ఒకటీ అరా వుంటాయి" అని స్నేహితురాలు సలహా ఇచ్చింది. తీసేశాను. నా డిసర్టేషనులో అరవై మంది తల్లులు యాభై తొమ్మిది మంది అయ్యారు. వైవాలో ఎవరూ అడగలేదు. ఫస్టు క్లాసు వచ్చింది.

దసరా తరువాత ఒకనాడు లైబ్రరీలో పిల్లల వినికిడి లోపాల మీద ఒక పాఠం చదువుతున్నాను. 'గట్టిగా పిలిస్తేనే పలుకుతాడు, మాటలు ఆలస్యమవుతాయి, మొండివాడని ఇంట్లోవాళ్ళు అపార్థం చేసుకుంటారు' అనే వాక్యాలు వచ్చాయి. ఆ పేజీ దాటలేకపోయాను. నాయనమ్మ ఆ రోజు నాకు చెప్పింది సరిగ్గా అదే. ఆమె రోగనిర్ధారణ చేసింది, నేను నియమం పాటించాను!

ఆ ఆదివారమే వెళ్ళాను. తల్లి నన్ను గుర్తుపట్టలేదు. ముసలమ్మ పట్టింది. "వస్తనంటివి, వచ్చినవ్ తియ్" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే నాకు మరీ సిగ్గేసింది. విషయం చెప్పి, చెవులు పరీక్ష చేయించమన్నాను. జిల్లా ఆసుపత్రికి వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. రెండు చెవుల్లోనూ చాలాకాలంగా చీము చేరి వుందన్నారు, వినికిడి తగ్గిందన్నారు. వైద్యం మొదలయింది. ఇప్పుడు వాడు కొంచెం కొంచెం మాట్లాడుతున్నాడు. అది నా వల్లనే అని చెప్పుకోను. నా వల్ల ఎనిమిది నెలలు ఆలస్యమయింది అని మాత్రం చెప్పగలను. మూడేళ్ళ పిల్లవాడికి ఎనిమిది నెలలంటే ఎంతో, భాషాభివృద్ధి మీద డిసర్టేషను రాసిన నాకు ఒకరు చెప్పనక్కరలేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మేము అడిగాం, అమ్మలు పెట్టారు. తిన్న తరువాత కంచం కడగాలన్న జ్ఞానమే మాకు లేకపోయింది.

* * *

ఇంత చెప్పాను కనుక ఈమె పరిశోధనలే వద్దంటుందని ఎవరైనా అనుకోవచ్చు. కాదు. నేను చెప్పదలచింది దానికి పూర్తిగా వ్యతిరేకం. పిల్లల గురించిన పరిశోధనల్లో తల్లిదండ్రులు పాల్గొనాలి. వాళ్ళు తలుపు తీయకపోతే పిల్లల గురించి మనకు తెలిసేది ఏమీ లేదు. ఇందుకు ఉదాహరణ కోసం విదేశాలకు పోనక్కరలేదు, మన హైదరాబాదు పరిసరాలే చాలు.

1987 - 90 మధ్య హైదరాబాదు దగ్గరి 29 గ్రామాల్లో ఒక అధ్యయనం జరిగింది. జాతీయ పోషకాహార సంస్థ చేసింది. అప్పటికి అంగన్‌వాడీ పథకం కొన్ని ఊళ్ళకు వచ్చింది, కొన్నిటికి ఇంకా రాలేదు. వచ్చిన 15 గ్రామాల్లో గర్భిణులకూ, బాలింతలకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టేవారు. మిగిలిన 14 గ్రామాలకు పథకం తరువాత రావలసి వుంది. పుట్టిన పిల్లల్ని రెండు చోట్లా తూచారు. అంతటితో ఆ లెక్క ముగిసిపోయి, కాగితాలు అటకెక్కి వుండవచ్చు. అలా జరగలేదు. 2003 - 05లో ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వయసుకు వచ్చాక పరిశోధకులు మళ్ళీ ఆ ఊళ్ళకు వెళ్ళారు. వెయ్యిమందికి పైగా పిల్లల్ని వెతికి పట్టుకుని పరీక్షించారు. ఉప్మా పెట్టిన ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. వాళ్ళ రక్తనాళాలు మెత్తగా వున్నాయి. పెద్దయ్యాక చక్కెర వ్యాధికి దారితీసే లక్షణాలు కూడా తక్కువగా కనిపించాయి. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. తరువాత ఆ పిల్లల తల్లిదండ్రుల్నీ, అన్నదమ్ముల్నీ, అక్కచెల్లెళ్ళనీ కూడా చేర్చుకుని ఆ అధ్యయనానికి 'ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ' అని పేరు పెట్టారు.

మొక్కజొన్న ఉప్మా తిన్న తల్లికీ, పదిహేనేళ్ళ తరువాత ఆ బిడ్డ గుండెకూ వున్న సంబంధం ఏ ప్రయోగశాలలో తెలుస్తుంది? రంగారెడ్డి జిల్లా తల్లులు 'సరే, రండి' అన్నారు కనుక తెలిసింది. అంగన్‌వాడీ గుడ్డు దండుగ ఖర్చు అనేవాళ్ళకు ఈనాడు మనం జవాబు చెప్పగలుగుతున్నామంటే ఆ తల్లుల పుణ్యమే.

రెండో ఉదాహరణ 'యంగ్ లైవ్స్'. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యాన ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారతదేశం - ఈ నాలుగు దేశాల్లో సుమారు పన్నెండు వేలమంది పిల్లల జీవితాల్ని ఏళ్ళ తరబడి అనుసరిస్తున్న అధ్యయనం ఇది. మన దేశంలో దానికి ఎంచుకున్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, కరీంనగర్ నుంచి కడప దాకా సుమారు మూడు వేల కుటుంబాలు అందులో వున్నాయి. 2002లో మొదటిసారి ప్రశ్నలడిగారు. తరువాత 2006లో, 2009లో, 2013లో, 2016లో మళ్ళీ మళ్ళీ ఆ ఇళ్ళకే వెళ్ళారు. 2020లో కరోనా వచ్చి అందరూ తలుపులు మూసుకున్నప్పుడు ఫోన్లు చేసి అడిగారు. ఈ మధ్యలో రాష్ట్రం రెండయింది, చంటిపిల్లలు కాలేజీలకొచ్చారు, కొందరు ఆడపిల్లలకు పెళ్ళిళ్ళయి వాళ్ళే తల్లులయ్యారు. ఒకటో ఏట ఎత్తు తక్కువగా వున్న పిల్లల్లో కొందరు తరువాత కోలుకోగలరని, పుట్టిన రెండేళ్ళతోనే అంతా అయిపోలేదని ఇలాంటి అధ్యయనాల వల్లనే బలంగా చెప్పగలుగుతున్నాం. ఎంత ఓపిక చూడండి ఆ తల్లిదండ్రులది! ఇరవై ఏళ్ళ పాటు పరాయివాళ్ళకు తమ ఇంటి సంగతులు చెప్పటమంటే మాటలు కాదు.

మూడోది మాత్రం పరాయి దేశానిది, కానీ చెప్పకుండా వుండలేను. బ్రిటన్‌లో 1946 మార్చిలో ఒక్క వారంలో పుట్టిన పిల్లల తల్లుల్ని ప్రశ్నలడిగారు. వాళ్ళలో 5,362 మంది పిల్లల్ని ఎంచుకుని, ముసలివాళ్ళయ్యేదాకా అనుసరించారు. 1960ల నుంచి ప్రతి ఏడాదీ వాళ్ళకు పుట్టినరోజు కార్డు పంపుతూ వచ్చారు. పరిశోధన చేసేవాడికి తన 'శాంపిల్' పుట్టినరోజు గుర్తుంది! మన దగ్గర డిసర్టేషను బైండింగుకు ఇచ్చిన మర్నాటికి ఊరి పేరు కూడా గుర్తుండదు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు.

* * *

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. తల్లిదండ్రుల సంతకం అనేది ఎంత తేలికయిపోతుందో మన రాష్ట్రమే ఒకసారి చూసింది.

2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా ఇచ్చే టీకాను ఒక ప్రాజెక్టు కింద వేశారు. వేలమంది బాలికలు. అందులో చాలామంది గిరిజన సంక్షేమ హాస్టళ్ళలో చదువుకుంటున్నవాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ మొదలై, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. ఆ టీకా మంచిదేనని ప్రపంచమంతా ఒప్పుకుంది కూడా. కనుక టీకా మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ అదే విచారణలో ఇంకొక సంగతి బయటపడింది. తల్లిదండ్రులు సంతకం పెట్టవలసిన ఎన్నో అంగీకార పత్రాల మీద హాస్టలు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు! ఎక్కడో తండాలో, గూడెంలో వున్న తల్లికి తన కూతురికి ఏ సూది వేశారో, ఎందుకు వేశారో తెలియదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

నేనడిగేది ఇది: మంచి పనయినా సరే, అడగకుండా చేస్తే ఏమవుతుంది? ఆ ఊళ్ళలో ఆ తరువాత ఏ సూదిని చూసినా భయమే. ఒకచోట నమ్మకం పోతే, ఆ నష్టం తరువాత వచ్చే అందరిదీను.

'మాది టీకా కాదుగా, వట్టి ప్రశ్నలేగా!' అంటారు మన మిత్రులు. వట్టి ప్రశ్నలు అనేవి లేవు. 'మీరు పిల్లల్ని కొడతారా?' అన్న ప్రశ్న ఒక తల్లిని రాత్రంతా నిద్రపోనివ్వకపోవచ్చు. 'మీ భర్త తాగుతాడా?' అన్న ప్రశ్నను అత్తగారు వింటూ వుండగా అడిగితే, మనం బస్సెక్కిన తరువాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మన ప్రశ్నావళిలో గడి వుండదు.

* * *

ఇక మన ప్రశ్నల సంగతి. ఉన్నమాట చెప్పుకుందాం. మనం వాడే కొలతల్లో చాలా భాగం ఎక్కడో అమెరికాలో పుట్టినవి. డయానా బామ్‌రిండ్ 1960లలో కాలిఫోర్నియా కుటుంబాల్ని చూసి పెంపక పద్ధతుల్ని వర్గాలుగా విభజించింది. గొప్ప పనే. కానీ ఆ చొక్కాను తెచ్చి, గుండీలు కూడా మార్చకుండా, మన పల్లెతల్లికి తొడుగుతాం. చొక్కా పట్టకపోతే తప్పు తల్లిదంటాం!

నా ప్రశ్నావళిలో ఒక ప్రశ్న వుండేది: 'మీరు రోజుకు ఎన్ని నిమిషాలు మీ బిడ్డతో గడుపుతారు?' ఒక తల్లి పడీపడీ నవ్వింది. "నిమిషాలేందక్కా, పొద్దుందాక చంకల్నే ఉంటడు!" అంది. నేను 'సమాధానం లేదు' అని రాసుకున్నాను. చూశారా, సమాధానం లేదట! ఆమె చెప్పినంత నిండైన సమాధానం మొత్తం అరవై కాగితాల్లో ఇంకొకటి లేదు. పట్టేందుకు నా గడి చిన్నది, అంతే.

ఇంకొకటి. పిల్లల్ని పెంచేది తల్లి ఒక్కతే అన్నట్టు వుంటాయి మన ప్రశ్నలు. నాయనమ్మ, అమ్మమ్మ, మేనత్త, పక్కింటి పెద్దమ్మ - వీళ్ళకు చోటేదీ? ఆ పిల్లవాడికి సరిగ్గా వినపడదని నాకు చెప్పింది తల్లి కాదు, నాయనమ్మ. ఆమె మాట రాసుకోవటానికి నా కాగితంలో స్థలమే లేదు. ఇక తండ్రులయితే మరీ విచిత్రం. మన కళాశాల లైబ్రరీలో పెంపకం మీద వున్న డిసర్టేషన్ల బీరువా తెరిచి చూశాను. తండ్రిని అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 'పగలు తండ్రులు దొరకరండీ' అంటారు. దొరకరు, నిజమే. సాయంత్రం ఏడింటికి దొరుకుతారు. అప్పటికి మన బస్సు వెళ్ళిపోతుంది కనుక పిల్లల మంచికీ చెడుకీ బాధ్యత మొత్తం తల్లి మీద పడుతుంది!

మరొక చిక్కు కూడా వుంది. అంగన్‌వాడీ టీచరును వెంటబెట్టుకుని వెళితే తలుపులు తొందరగా తెరుచుకుంటాయి, నిజమే. కానీ టీచరు పక్కన నిలబడి వుండగా 'పిల్లవాడికి గుడ్డు రోజూ అందుతోందా?' అంటే ఏ తల్లి లేదంటుంది? మనల్ని చూసి ప్రభుత్వంవాళ్ళు అనుకుంటారు. ఏదో కార్డు పోతుందన్న భయం, ఏదో పథకం వస్తుందన్న ఆశ. ఆ రెంటి మధ్య నలిగి వచ్చిన జవాబును మనం కంప్యూటరులో పోసి, దశాంశాల దాకా లెక్కకట్టి, ఇదే సత్యం అంటాం.

ఈ బాధలేవీ లేకుండా ఇప్పుడు సులువైన మార్గం దొరికింది. గూగుల్ ఫారం తయారుచేసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లో పడేయటం. సాయంత్రానికి నూటయాభై మంది. డిసర్టేషను శీర్షిక మాత్రం 'తెలుగు తల్లిదండ్రుల వైఖరులు'! స్మార్టుఫోను, తీరిక, ఇంగ్లీషు మూడూ వున్నవాళ్ళే తెలుగు తల్లిదండ్రులయితే, మిరపకాయల కూలికి పోయే తల్లి ఏ జాతిదో చెప్పాలి.

* * *

విమర్శించి వూరుకోవటం తేలిక. కనుక నాకు తోచిన సూచనలు కొన్ని మనవి చేస్తాను.

ఒకటి - అంగీకారం అంటే చివరి పేజీలో వేలిముద్ర కాదు. ఎందుకు అడుగుతున్నాం, ఎంతసేపు పడుతుంది, ఈ వివరాలు ఎవరు చూస్తారు, మధ్యలో వద్దంటే ఏమవుతుంది - ఇవన్నీ వాళ్ళ మాటలో, వాళ్ళ యాసలో చెప్పాలి. 'వద్దంటే మీకు ఏ నష్టమూ లేదు' అన్న వాక్యం అన్నిటికంటే ముందు చెప్పాలి. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన నైతిక మార్గదర్శకాలు ఇదే చెబుతున్నాయి. తల్లిదండ్రుల అనుమతితో పాటు, ఊహ తెలిసిన పిల్లల ఒప్పుదల కూడా వుండాలంటున్నాయి. పిల్లవాడు ఏడుస్తుంటే కార్డులు చూపించటం ఆపేయాలన్నమాట. అందుకు చట్టాలు చదవనక్కరలేదు, మనసుంటే చాలు.

రెండు - కూలి పోగొట్టుకుని మనతో కూర్చున్న తల్లికి ఆ పూట కూలి ఇవ్వాలి. ఇది లంచం కాదు, బాకీ. విద్యార్థులకు అంత స్తోమత లేదంటారా, అయితే వాళ్ళకు కుదిరిన వేళకే మనం వెళ్ళాలి. రాత్రి ఎనిమిదయినా సరే, ఆదివారమయినా సరే. తండ్రులు కూడా అప్పుడే దొరుకుతారు.

మూడు - తేడాగా కనిపించిన పిల్లవాడి విషయంలో ఏం చేయాలో ముందే అనుకుని బయలుదేరాలి. మనం వైద్యం చేయలేము, జబ్బు పేరు చెప్పలేము. దారి చూపించగలం. పిల్లల్లో పుట్టుకతో వచ్చిన లోపాలనూ, ఎదుగుదలలో ఆలస్యాలనూ పరీక్షించేందుకు 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వుంది. ఆ బృందాలు అంగన్‌వాడీలకూ బడులకూ వస్తాయి. జిల్లాల్లో ఇందుకోసం కేంద్రాలున్నాయి. ఆ చిరునామా రాసిన చీటీ ఒకటి ప్రశ్నావళితో పాటు మన సంచిలో వుంటే చాలు. నా సంచిలో ఆ రోజు ఆ చీటీ వుండివుంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే వుండేది కాదు.

నాలుగు - ఫలితాలు తిరిగి చెప్పాలి. డిసర్టేషను ఇంగ్లీషులో నూట ఇరవై పేజీలు వుండనివ్వండి. దానికి ఒక్క పేజీ తెలుగు సారాంశం జతచేయాలి. అది పట్టుకుని ఆ ఊరు వెళ్ళి, అంగన్‌వాడీ అరుగు మీదో రచ్చబండ దగ్గరో కూర్చుని చదివి వినిపించాలి. ఎవరి పేరూ చెప్పనక్కరలేదు, ఎవరి గుట్టూ బయటపెట్టనక్కరలేదు. 'మీరంతా చెప్పిన మాటల్లోంచి మాకు తెలిసింది ఇది' అంటే చాలు. 'గట్ల కాదు బిడ్డా' అని వాళ్ళు సరిదిద్దితే అది కూడా రాసుకుని రావాలి. బహుశా అసలు పరిశోధన అక్కడే మొదలవుతుంది.

* * *

ఈ సంగతులు మా అధ్యాపకులొకరికి చెబితే వారు రెండు అభ్యంతరాలు చెప్పారు. పెద్దవారు, మంచివారు, కనుక వాటిని పక్కన పెట్టలేను.

మొదటిది: "తల్లులకు సలహాలూ దారులూ చెప్పటం మొదలుపెడితే వాళ్ళ ప్రవర్తన మారిపోతుంది, నీ అధ్యయనం చెడిపోతుంది." నిజమే, కొంత మారుతుంది. కానీ నా పట్టిక చెడిపోవటమూ పిల్లవాడి చెవులు చెడిపోవటమూ ఒకే తూకంలో వేయదగ్గవి కావు. ఫలానా ఇంటికి దారి చూపించాను అని డిసర్టేషనులో ఒక వాక్యం రాస్తే చదివేవాళ్ళు అర్థం చేసుకుంటారు. దాచిపెట్టి తీసేసిన సంఖ్య కంటే చెప్పి చేసిన మార్పు నయం. ఆ మాటకొస్తే ఆ మూడును తీసేసిన నా అధ్యయనం అప్పటికే చెడిపోయింది. భాష ఆలస్యమయిన ఒకే ఒక్క పిల్లవాణ్ణి తీసేసి భాషాభివృద్ధి గురించి రాశానంటే, నేను పిల్లల గురించి రాసినట్టా, నా సగటు గురించి రాసినట్టా?

రెండోది: "నాలుగు నెలల్లో కుర్రవాళ్ళు ఇవన్నీ చేయలేరమ్మా." ఇది న్యాయమైన మాట. అయితే వందమందిని అడగమనటం మానేసి ముప్పైమందిని అడగమనండి. ముప్పై ఇళ్ళకు రెండుసార్లు వెళ్ళినవాడికి తెలిసేది, వంద ఇళ్ళకు ఒక్కసారి వెళ్ళినవాడికి తెలియదు. అంకెల మీద మోజు తగ్గించుకుంటే టైము అదే మిగులుతుంది.

* * *

చివరగా రెండు మాటలు.

తల్లిదండ్రులకు ఒక మాట. మన విద్యార్థుల్లో చాలామంది ఇళ్ళకు ఈ సంచిక చేరుతుంది కనుక ధైర్యం చేస్తున్నాను. అమ్మా, నాన్నగారూ, రేపు మీ గుమ్మంలోకి కాగితాలు పట్టుకుని ఎవరైనా వస్తే కాదనకండి. మీరు చెప్పే నాలుగు మాటలు మీ బిడ్డకు కాకపోయినా ముందు పుట్టబోయే ఏ బిడ్డకో పనికివస్తాయి. కానీ చాప వేసే ముందు మీరూ అడగండి. 'ఎవరు పంపారు? ఎందుకు? నా పేరు బయటకు వస్తుందా? మళ్ళీ వచ్చి చెబుతావా?' అని అడగండి. జవాబు నచ్చకపోతే మంచినీళ్ళిచ్చి పంపించేయండి. అది మీ హక్కు.

విద్యార్థి సంఘానికి ఇంకొక మాట. హాస్టలు మెస్సు గురించి, బస్ పాసుల గురించి, ఫీజుల గురించి తీర్మానాలు చేశారు, సంతోషం. వచ్చే ఏడాది ఇంకొక తీర్మానం కూడా చేయండి. మనుషుల్ని అడిగి రాసిన ప్రతి డిసర్టేషనుకూ ఒక పేజీ తెలుగు సారాంశం వుండాలనీ, అది ఆ ఊరికి చేరిందన్న రుజువు వుంటే తప్ప వైవాకు అనుమతించవద్దనీ శాఖాధిపతుల్ని కోరండి. దీనికి ప్రభుత్వం నిధులివ్వనక్కరలేదు, వైస్ ఛాన్సలర్‌గారి గదిముందు ధర్నా చేయనక్కరలేదు. బస్సు టిక్కెట్టు ఖర్చు, ఒక ఆదివారం, అంతే.

ఇక నా సంగతి. యాభై తొమ్మిది ఇళ్ళకు నేనింకా బాకీ వున్నాను. ఈ వ్యాసం రాసేనాటికి ఇరవై రెండు ఇళ్ళు తీరాయి. ఒక ఇంట్లో తలుపు వేసుకున్నారు. ఒక ఇంట్లో భోజనం పెట్టారు. చాలా ఇళ్ళలో నేనెవరో గుర్తు లేదు, పరిచయం చేసుకుని మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. వేసవి సెలవుల లోపల మిగిలినవి కూడా తీర్చుకోవాలని వుంది. ఎవరైనా మిత్రులు వెంట వస్తామంటే ఆదివారం ఉదయం ఏడింటికి కళాశాల గేటు దగ్గర బస్టాపులో వుంటాను.